అమెరికా రాష్ట్ర శాసనసభకు రైట్-ఇన్ అభ్యర్థిగా పోటీ: మాజీ సైనికులకు సమగ్ర మార్గదర్శి

అమెరికాలో చాలా రాష్ట్రాల బ్యాలెట్ మీద, ఒక్కో పదవికి పోటీ చేస్తున్నవారి అచ్చు పేర్ల కింద ఒక ఖాళీ గీత ఉంటుంది. అచ్చులో ఉన్నవారెవరూ నచ్చని ఓటరు ఆ గీత మీద తాను కోరుకున్న వ్యక్తి పేరును స్వయంగా రాసి ఓటు వేయవచ్చు. అలా పేరు రాయించుకొని గెలవాలని బరిలోకి దిగే వ్యక్తిని రైట్-ఇన్ అభ్యర్థి అంటారు. భారతదేశంలో 2013 నుంచి నోటా మీట ఉంది గాని, యంత్రం మీద లేని పేరుకు ఓటు వేసే వీలు లేదు. కాబట్టి ఇక్కడి నుంచి వెళ్లి స్థిరపడిన తెలుగువారికి ఈ పద్ధతి సాధారణంగా కొత్తగానే ఉంటుంది.

ఈ మార్గదర్శి అమెరికా సైన్యంలో పనిచేసి బయటకు వచ్చి, ఇప్పుడు రాష్ట్ర శాసనసభకు పోటీ చేయాలనుకుంటున్నవారి కోసం ఉద్దేశించినది. 2009లో మొదలై 2016లో నిలిచిపోయిన మావ్నీ పథకం కింద భాషా నైపుణ్యం ఆధారంగా సైన్యంలో చేరి, ఆ సేవ ద్వారానే పౌరసత్వం పొందిన భారతీయుల్లో తెలుగువారూ ఉన్నారు. రాష్ట్ర శాసనసభ సభ్యత్వానికి పుట్టుకతో పౌరులై ఉండాలన్న నిబంధన లేదు కనుక వారికీ ఈ దారి తెరిచే ఉంది. నియమాలు రాష్ట్రానికొక తీరుగా ఉంటాయి. అన్నింటినీ కలగాపులగం చేయడం కంటే ఒక రాష్ట్రాన్ని పట్టుకొని వివరంగా చెప్పుకోవడం మేలనిపించి, తెలుగు కుటుంబాలు పెద్ద సంఖ్యలో ఉన్న టెక్సస్‌ను ప్రధాన ఉదాహరణగా తీసుకున్నాను. అవసరమైన చోట ఇతర రాష్ట్రాల తేడాలను ప్రస్తావిస్తాను.

మొదటి అడుగు: ఈ దారి అవసరమో కాదో తేల్చుకోవడం

రైట్-ఇన్ పోటీ అన్ని దారులూ మూసుకుపోయినప్పుడు పట్టవలసిన దారే గాని, మొదటగా ఎంచుకోవలసినది కాదని నా అభిప్రాయం. పార్టీ ప్రైమరీలో, అంటే పార్టీ అభ్యర్థిని ఓటర్లే ఎంచుకునే తొలి ఎన్నికలో, నామినేషన్ వేయడానికి గడువు మిగిలి ఉంటే ప్రైమరీకే వెళ్లాలి. స్వతంత్ర అభ్యర్థిగా సంతకాలు సేకరించి బ్యాలెట్ మీద పేరు అచ్చు వేయించుకునే అవకాశం ఉంటే ఆ శ్రమే పడాలి. అచ్చులో పేరున్న అభ్యర్థికి ఓటరు ఒక్క గుర్తు పెడితే చాలు. మీకు ఓటు వేయాలంటే అతడు మీ పేరు గుర్తుంచుకోవాలి, గీత వెతకాలి, రాయాలి.

అయినా ఈ దారి సరైనదయ్యే సందర్భాలు కొన్ని ఉన్నాయి. గడువు దాటిన తర్వాత అభ్యర్థి మరణించడం, ఏదైనా కుంభకోణంలో ఇరుక్కోవడం, లేదా బరిలో ఒకే ఒక్క పేరు మిగలడం అలాంటివి. 1998 అక్టోబర్‌లో టెన్నెసీ రాష్ట్ర సెనేటర్ టామీ బర్క్స్‌ను ఆయన ప్రత్యర్థి బైరన్ లూపర్ కాల్చి చంపాడు. పోలింగ్‌కు పదిహేను రోజులే మిగిలి ఉండగా, చట్టం ప్రకారం మృతుడి పేరు బ్యాలెట్ నుంచి తొలగిపోయి హంతకుడి పేరు ఒక్కటే మిగిలింది. టామీ భార్య షార్లెట్ బర్క్స్ రైట్-ఇన్ అభ్యర్థిగా నిలబడి 30 వేలకు పైగా ఓట్లతో గెలిచారు. లూపర్‌కు దక్కినవి రెండు వేల లోపే. సాధారణ పరిస్థితుల్లో ఇంత ఊపు ఎవరికీ రాదు. కానీ ఓటరుకు పేరు రాసేంత గట్టి కారణం దొరికితే ఆ గీత పనిచేస్తుందని ఆ ఎన్నిక చూపించింది.

తర్వాత చూడవలసింది మీ రాష్ట్ర చట్టం. హవాయి, లూయిసియానా, నెవాడా, ఓక్లహోమా, సౌత్ డకోటా రాష్ట్రాల్లో రైట్-ఇన్ ఓట్లకు తావు లేదు. హవాయి నిషేధాన్ని అమెరికా సుప్రీంకోర్టు 1992లో బర్డిక్ వర్సెస్ టకుషి కేసులో సమర్థించింది. కాలిఫోర్నియాలో రాష్ట్ర శాసనసభ స్థానాలకు నవంబర్‌లో జరిగే సార్వత్రిక ఎన్నికలో రైట్-ఇన్ పోటీ కుదరదు. ప్రైమరీలో మాత్రమే నిలబడి మొదటి రెండు స్థానాల్లో ఒకటి సాధిస్తే నవంబర్ బ్యాలెట్ మీద పేరు అచ్చవుతుంది. ప్రైమరీలో ఒకే అభ్యర్థి ఉన్న నియోజకవర్గంలో ఇది చాలా తెలివైన మార్గం. పెన్సిల్వేనియాలో పార్టీ ప్రైమరీ బ్యాలెట్ ఖాళీగా ఉంటే రైట్-ఇన్ ఓట్లతో నామినేషన్ సంపాదించవచ్చు గాని, ఆ ఓట్లు నామినేషన్ పత్రానికి కావలసిన సంతకాల సంఖ్యకు తగ్గకూడదు. దిగువ సభ అయిన రాష్ట్ర ప్రతినిధుల సభకు ఆ సంఖ్య 300, ఎగువ సభ అయిన రాష్ట్ర సెనేట్‌కు 500.

నియోజకవర్గం పరిమాణం మీ లెక్కను పూర్తిగా మార్చేస్తుంది. న్యూహాంప్‌షైర్ దిగువ సభలో 400 మంది సభ్యులు ఉంటారు. 2020 జనగణన ప్రకారం సగటున ఒక్కో సభ్యుడికి సుమారు 3,400 మంది జనాభా వస్తారు. టెక్సస్ దిగువ సభలో సభ్యులు 150 మందే కాబట్టి ఒక్కో నియోజకవర్గంలో దాదాపు 1,94,000 మంది ఉంటారు. మొదటి చోట కాలినడకన ప్రతి ఇంటి తలుపూ తట్టవచ్చు. రెండో చోట అది ఒక దళం చేయవలసిన పని. కాగితం మీద పెన్ను పెట్టే ముందే గత రెండు ఎన్నికల్లో మీ నియోజకవర్గంలో పోలైన ఓట్లు, గెలిచినవారికి వచ్చిన ఓట్లు చూసి, మీకు ఎన్ని కావాలో అంకె వేసుకోండి.

రెండో అడుగు: సైనిక హోదా, ప్రస్తుత ఉద్యోగం

మాజీ సైనికుడు అనే మాట కింద చట్టం దృష్టిలో వేర్వేరు స్థితులు ఉన్నాయి. క్రియాశీల సేవలో ఉన్నవారు పార్టీల పోటీ ఉన్న పదవికి అభ్యర్థి కాకూడదని రక్షణ శాఖ ఆదేశం 1344.10 చెబుతుంది. రిజర్వ్‌లో ఉంటూ క్రియాశీల సేవలో లేనివారు, పదవీ విరమణ పొందినవారు పోటీ చేయవచ్చు. గౌరవప్రదంగా డిశ్చార్జ్ అయి సైన్యంతో ఏ బంధమూ మిగలనివారికి ఇంకా ఎక్కువ స్వేచ్ఛ ఉంటుంది. మీరు ఏ కోవకు వస్తారో, సేవ నుంచి విడుదలైనప్పుడు ఇచ్చే డీడీ-214 పత్రం చూసి నిర్ధారించుకోండి. నేషనల్ గార్డ్‌లో కొనసాగుతూ ఉంటే, ప్రచారం మధ్యలో క్రియాశీల సేవకు పిలుపు వస్తే ఏమవుతుందో మీ విభాగంలోని న్యాయాధికారిని ముందే అడగండి.

చాలామంది బోల్తా పడే చోటు మరొకటి ఉంది. సైన్యం నుంచి బయటకు వచ్చినవారిలో ఎందరో వెటరన్స్ ఆసుపత్రుల్లో, తపాలా శాఖలో, ఇతర కేంద్ర ప్రభుత్వ కార్యాలయాల్లో ఉద్యోగాలు చేస్తుంటారు. హ్యాచ్ చట్టం ప్రకారం కేంద్ర ప్రభుత్వ ఉద్యోగులు పార్టీల పోటీ ఉన్న ఎన్నికల్లో అభ్యర్థులు కాకూడదు. నేను ఏ పార్టీ వాడినీ కాను, స్వతంత్రుడిని అన్న సమాధానం ఇక్కడ చెల్లదు. ఎదుటి అభ్యర్థి పార్టీ టికెట్ మీద నిలబడితే అది పార్టీల పోటీయే. రాష్ట్ర శాసనసభల్లో పార్టీలతో సంబంధం లేకుండా ఎన్నికలు జరిగేది నెబ్రాస్కాలో మాత్రమే. కాబట్టి కేంద్ర ఉద్యోగంలో ఉన్నవారు రాజీనామా చేయాలా వద్దా అన్నది అభ్యర్థిత్వం ప్రకటించకముందే తేల్చుకోవాలి. టెక్సస్ శాసనసభ్యుడి జీతం నెలకు 600 డాలర్లే. శాసనసభ బేసి సంవత్సరాల్లో 140 రోజులు సమావేశమవుతుంది. ఆ రోజులకు భత్యం వస్తుంది గాని, ఆ డబ్బుతో ఇల్లు గడవదు. ఇంట్లో ఈ లెక్క ముందుగా మాట్లాడుకోవడం అన్నింటికంటే ముఖ్యం.

మూడో అడుగు: వయసు, నివాసం

టెక్సస్ దిగువ సభకు 21 ఏళ్లు నిండిన అమెరికా పౌరులు, ఓటర్లు అయినవారు, రాష్ట్రంలో రెండేళ్లు, నియోజకవర్గంలో ఏడాది నివాసం ఉండి ఉంటే అర్హులు. సెనేట్‌కు 26 ఏళ్ల వయసు, రాష్ట్రంలో ఐదేళ్ల నివాసం కావాలి. నియోజకవర్గ నివాసం ఒక ఏడాదే.

సైనికులకు నివాసం సంగతి సులువుగా తేలదు. టెక్సస్‌లో రాష్ట్ర ఆదాయ పన్ను లేదు కనుక, ఏ మూలన పోస్టింగ్ ఉన్నా కాగితాల మీద టెక్సస్ నివాసిగానే కొనసాగేవారు చాలామంది ఉంటారు. ఇది రాష్ట్ర నివాసం నిరూపించుకోవడానికి సాయపడవచ్చు గాని, ఫలానా నియోజకవర్గంలో ఏడాదిగా ఉంటున్నారని చూపించదు. దీనికి భిన్నంగా, టెక్సస్‌లో ఏళ్ల తరబడి పనిచేసినా సొంత రాష్ట్ర నివాసాన్ని వదులుకోనివారి పరిస్థితి ఇంకా చిక్కు. చట్టపరమైన నివాసం మార్చుకున్నప్పుడు సైన్యంలో నింపిన డీడీ-2058 పత్రం, ఓటరు నమోదు, డ్రైవింగ్ లైసెన్సు, ఇంటి అద్దె ఒప్పందం లేదా రిజిస్ట్రేషన్ కాగితాలు తేదీలవారీగా ఒక ఫైలులో పెట్టుకోండి. ప్రత్యర్థి న్యాయవాది మొదట దాడి చేసేది ఈ తేదీల మీదే.

నాలుగో అడుగు: అభ్యర్థిత్వ ప్రకటన

అయోవా, పెన్సిల్వేనియా వంటి కొన్ని రాష్ట్రాల్లో ముందస్తు నమోదు లేకుండానే రైట్-ఇన్ ఓట్లు లెక్కిస్తారు. టెక్సస్‌లో అలా కాదు. ముందుగా ప్రకటన దాఖలు చేసినవారి పేరు మీద పడిన ఓట్లే లెక్కకు వస్తాయి. మిగిలిన పేర్లు ఎంతమంది రాసినా వృథా.

ప్రకటన దాఖలుకు గడువు సార్వత్రిక ఎన్నికకు 78 రోజుల ముందు, సాయంత్రం ఐదు గంటలు. 2026 నవంబర్ 3న జరిగే ఎన్నికకు ఇది ఆగస్టు 17 అవుతుంది. దరఖాస్తులు అంతకు 30 రోజుల ముందు నుంచి తీసుకుంటారు. శాసనసభ స్థానాలకు ప్రకటన రాష్ట్ర రాజధాని ఆస్టిన్‌లోని రాష్ట్ర కార్యదర్శి కార్యాలయానికి చేరాలి. పత్రం మీద నోటరీ ఎదుట ప్రమాణం చేసి సంతకం పెట్టాలి. దానితో పాటు రుసుము కట్టాలి: దిగువ సభకు 750 డాలర్లు, సెనేట్‌కు 1,250 డాలర్లు. రుసుము కట్టలేనివారు ఓటర్ల సంతకాలతో వినతి పత్రం ఇవ్వవచ్చు; అందుకు అవసరమయ్యే సంతకాలు 500కు మించవు. చివరి రోజు దాకా ఆగడం తెలివి తక్కువ పని. నోటరీ ముద్రలో తేదీ తప్పినా సరిదిద్దుకునే వ్యవధి ఉండేలా కనీసం వారం ముందే చేర్చాలి.

ఒక హెచ్చరిక. ఆ ఏడాది టెక్సస్ పార్టీ ప్రైమరీలో నిలబడి ఓడిపోయినవారు నవంబర్‌లో అదే పదవికి రైట్-ఇన్‌గా రాలేరు. అలస్కాలో 2010లో లీసా ముర్కౌస్కీ ప్రైమరీలో ఓడిపోయాక రైట్-ఇన్‌గా నిలబడి అమెరికా సెనేట్ స్థానాన్ని నిలబెట్టుకున్నారన్న కథ విని టెక్సస్‌లో అదే ప్రయత్నం చేయబోతే చట్టం అడ్డుపడుతుంది.

ఐదో అడుగు: డబ్బు

టెక్సస్‌లో ఒక్క డాలరు విరాళం తీసుకోకముందే, ఒక్క డాలరు ఖర్చు పెట్టకముందే ప్రచార కోశాధికారి నియామక పత్రాన్ని, ఎన్నికల డబ్బు లెక్కలు చూసే టెక్సస్ ఎథిక్స్ కమిషన్‌కు సమర్పించాలి. మీకు మీరే కోశాధికారి కావచ్చు గాని, రశీదులు ఓపికగా భద్రపరిచే మరొకరు దొరికితే వారిని పెట్టుకోండి. వ్యక్తిగత ఆర్థిక ప్రకటన కూడా ఇవ్వాలి. వ్యక్తులు ఇచ్చే విరాళాలకు శాసనసభ పోటీల్లో గరిష్ఠ పరిమితి లేదు. ఒకే దాత నుంచి ఒక నివేదిక కాలంలో 100 డాలర్లకు మించి నగదు మాత్రం తీసుకోకూడదు.

తెలుగు సమాజంలో విరాళాలు అడిగేటప్పుడు మూడు విషయాల్లో జాగ్రత్త తప్పనిసరి. మొదటిది, హెచ్-1బీ, విద్యార్థి వీసాల మీద ఉన్నవారు అమెరికాలో ఏ స్థాయి ఎన్నికకైనా విరాళం ఇవ్వడాన్ని కేంద్ర చట్టం నిషేధిస్తుంది. గ్రీన్ కార్డు ఉన్నవారు ఇవ్వవచ్చు. వీసా మీద ఉన్న మిత్రుడు జీతం లేకుండా కరపత్రాలు పంచవచ్చు, ఫోన్లు చేయవచ్చు. డబ్బు ఎలా ఖర్చు పెట్టాలన్న నిర్ణయాల్లో మాత్రం అతడికి పాత్ర ఉండకూడదు. రెండవది, కార్పొరేషన్ల విరాళాలు టెక్సస్‌లో నిషిద్ధం. "అన్నా, మా కన్సల్టెన్సీ ఖాతా నుంచి చెక్కు రాసేస్తాను" అని ప్రేమగా ముందుకొచ్చే తమ్ముడికి, అతడి సొంత ఖాతా నుంచి మాత్రమే తీసుకోగలనని అక్కడికక్కడే చెప్పాలి. చెక్కు వెనక్కి ఇచ్చేందుకు మొహమాటపడితే ఇద్దరూ ఇబ్బందుల్లో పడతారు. మూడవది, పన్ను మినహాయింపు హోదా ఉన్న తెలుగు సంఘాలు అభ్యర్థికి మద్దతు ప్రకటించకూడదు. సంక్రాంతి సంబరాల్లో మీరు అందరిలో ఒకరిగా కలిసి తిరగవచ్చు గాని, వేదిక మీద నుంచి సంఘం అధ్యక్షుడు మీకు ఓటు వేయమని పిలుపు ఇస్తే ఆ సంఘానికే చిక్కు వస్తుంది.

ఆరో అడుగు: పేరు రాయించడం

ఈ పోటీ అంతటికీ ఆయువుపట్టు ఇక్కడే ఉంది. మీ సైనిక సేవను గౌరవించి, తలుపు తీసి, పది నిమిషాలు ఆదరంగా మాట్లాడి, మీకే ఓటు వేస్తానని మాట ఇచ్చిన మనిషి కూడా పోలింగ్ కేంద్రంలో మీ పేరు గుర్తు రాక అచ్చులో ఉన్న పేరుకే గుర్తు పెట్టి రావచ్చు. ప్రచారంలోని ప్రతి కరపత్రం, ప్రతి సంభాషణ ఆ ఒక్క క్షణాన్ని దృష్టిలో పెట్టుకొని తయారు కావాలి.

తెలుగు పేర్ల విషయంలో ఇది మరీ కష్టం. వెంకటసుబ్రహ్మణ్యం లాంటి పేరును ఆంగ్లంలో విని రాయమంటే పక్కింటి అమెరికన్ సగంలోనే ఆగిపోతాడు. మనం త అక్షరానికి టీ తర్వాత హెచ్ కలుపుతాం, వారు కలపరు. మనలోనే కొందరు వీ రాసే చోట మరికొందరు డబ్ల్యూ రాస్తారు. టెక్సస్ చట్టం పది అక్షరాలకు మించని ఒక వాడుక పేరును, మూడేళ్లుగా ఆ పేరుతోనే మిమ్మల్ని పిలుస్తూ ఉంటే, అసలు పేరుతో కలిపి వాడుకోనిస్తుంది. దళంలో అందరూ మిమ్మల్ని వెంకట్ అనే పిలిచేవారైతే ప్రకటన పత్రంలో ఆ పేరు కూడా చేర్చండి. ఏ అక్షరక్రమం పత్రంలో రాశారో అదే ప్రతి బోర్డు మీద, ప్రతి కార్డు మీద ఉండాలి. ఒక చోట ఇంటిపేరు ముందు, మరో చోట వెనుక రాయకూడదు.

ముర్కౌస్కీ బృందం ఈ పని ఎలా చేసిందో చూడదగినది. ఆమె పేరు అలస్కాలో అందరికీ తెలిసినదే అయినా, పేరులోని అక్షరాలను ఒక్కొక్కటిగా చదివి వినిపించే ప్రకటనలు టీవీలో వేశారు, పేరు అచ్చు వేసిన చేతి పట్టీలు పంచారు. లక్షకు పైగా రైట్-ఇన్ ఓట్లు ఆమెకు వచ్చాయి. తప్పు అక్షరాలతో రాసిన ఓట్లను కొట్టేయాలని ప్రత్యర్థి జో మిల్లర్ కోర్టుకెక్కాడు. ఓటరు ఉద్దేశం స్పష్టంగా తెలుస్తుంటే అక్షరదోషం అడ్డు కాదని అలస్కా సుప్రీంకోర్టు ఆ డిసెంబర్‌లో తీర్పు ఇచ్చింది. ఆ తీర్పు అలస్కా వరకే. మీ రాష్ట్రంలో దోషాలను ఎంతవరకు మన్నిస్తారో అడిగి తెలుసుకోండి గాని, ఆ మన్నింపు మీద ఆధారపడి ప్రచారం చేయకండి.

టెక్సస్‌లో ఓటు వేసే చోటుకు వంద అడుగుల లోపల సెల్‌ఫోన్ వాడకూడదు. అందువల్ల ఫోన్‌లో దాచుకున్న మీ పేరు ఓటరుకు అక్కరకు రాదు. కాగితం మీద రాసుకున్న చీటీని వెంట తీసుకెళ్లవచ్చు. కాబట్టి మీరు పంచవలసిన అసలు వస్తువు నాలుగు పేజీల మేనిఫెస్టో కాదు, పర్సులో పట్టే గట్టి కాగితపు కార్డు. దాని మీద పదవి పేరు, నియోజకవర్గం సంఖ్య, పెద్ద అక్షరాల్లో మీ పేరు ఉండాలి. వెనుక వైపు బ్యాలెట్ నమూనాలో రైట్-ఇన్ గీత ఎక్కడ వస్తుందో చూపించే బొమ్మ వేయండి. కాగితపు బ్యాలెట్ వాడే కౌంటీలో (మన జిల్లా లాంటి పాలనా విభాగం) గీత పక్కనున్న గడిని కూడా నింపాలి. ఆ గడి నింపకుండా పేరు మాత్రమే రాస్తే చాలా రాష్ట్రాల్లో యంత్రం ఆ ఓటును పసిగట్టదు. తెర మీద ఓటు వేసే చోట రైట్-ఇన్ మీద తాకితే అక్షరాల పలక తెరుచుకుంటుంది. కౌంటీ ఎన్నికల కార్యాలయానికి వెళ్లి మీ ప్రాంతంలో ఏ యంత్రం వాడుతున్నారో కనుక్కొని, దాని ప్రకారమే బొమ్మ వేయించండి.

ఇంటింటి ప్రచారంలో కార్డు చేతికిచ్చి వచ్చేయకండి. ఒక ఖాళీ నమూనా కాగితం, పెన్ను ఇచ్చి "ఒకసారి రాసి చూస్తారా" అని నవ్వుతూ అడగండి. ఒక్కసారి చేత్తో రాసిన పేరు పదిసార్లు విన్న పేరు కంటే బాగా గుర్తుంటుంది. తెలుగు ఇళ్లలో ఇది ఇంకా తేలిక. భోజనాల బల్ల దగ్గర పిల్లలు రాసి చూపిస్తే, కొత్తగా పౌరసత్వం వచ్చి మొదటిసారి ఓటు వేయబోతున్న అమ్మమ్మ, తాతయ్య కూడా సరదాగా రాస్తారు.

అదే పేరు లేదా దగ్గరి పేరున్న మరొకరు రంగంలోకి దిగారేమో కూడా కనిపెట్టండి. 2013లో డెట్రాయిట్ మేయర్ ప్రైమరీలో మైక్ డగ్గన్ రైట్-ఇన్‌గా నిలబడినప్పుడు, వినడానికి దాదాపు అలాగే ఉండే పేరున్న ఒక క్షురకుడు కూడా రైట్-ఇన్‌గా దిగాడు. డగ్గన్ అయినా మొదటి స్థానంలో నిలిచాడు. ఒకే పేరున్న స్వతంత్రులను నిలబెట్టే ఎత్తుగడ తెలుగు రాష్ట్రాల ఎన్నికలు చూసినవారికి చెప్పనక్కరలేదు.

బోర్డుల మీద రెండు చిన్న నియమాలు. ప్రస్తుతం ఆ పదవిలో లేనివారు పదవి పేరుకు ముందు, ఆ పదవి కోసం పోటీ చేస్తున్నారని తెలిపే "ఫర్" అనే మాటను తప్పక అచ్చు వేయాలి. అది లేకపోతే పదవిలో ఉన్నట్టు భ్రమ కల్పించినట్టే. అలాగే రోడ్డు నుంచి కనిపించే బోర్డు మీద, రహదారి హద్దులో దానిని పాతడం చట్ట విరుద్ధమన్న హెచ్చరిక ఉండాలి. అచ్చుకు ఇచ్చే ముందు ఈ రెండూ సరిచూసుకోండి.

ఏడో అడుగు: సేవను చెప్పుకోవడంలో హద్దులు

పదవీ విరమణ పొందినవారు, రిజర్వ్ సభ్యులు తమ ర్యాంకును ప్రచారంలో వాడుకోవచ్చు గాని, రిటైర్డ్ లేదా రిజర్వ్ అన్న మాట స్పష్టంగా చేర్చాలి. యూనిఫాంలో ఉన్న ఫొటో వాడితే, ఆ ర్యాంకు, ఫొటోల వాడకం సంబంధిత సైనిక విభాగం గాని రక్షణ శాఖ గాని మద్దతిచ్చినట్టు కాదన్న ప్రకటన కనబడేలా ఉండాలి. ఆ ఫొటోయే కరపత్రంలో ప్రధాన బొమ్మ కాకూడదు. యూనిఫాం వేసుకొని ప్రచారానికి వెళ్లకూడదు. పూర్తిగా డిశ్చార్జ్ అయినవారికి రక్షణ శాఖ ఆదేశం 1344.10లోని ఈ నియమాలు నేరుగా వర్తించకపోయినా, పాటించడమే మంచిది.

డీడీ-214లో ఉన్నదానికంటే ఒక్క పతకం కూడా ఎక్కువ చెప్పుకోవద్దు. దళంతో పాటు ఉండటం వేరు, పోరాటంలో పాల్గొనడం వేరు. ఈ తేడాను చెరిపేసిన అభ్యర్థులను తోటి మాజీ సైనికులే ముందుగా పట్టుకుంటారు. డబ్బు వంటి ప్రయోజనం కోసం పతకాల గురించి అబద్ధం చెప్పడం 2013 నాటి స్టోలెన్ వాలర్ చట్టం కింద నేరం కూడా. విలేకరులు అడిగితే చూపించడానికి సోషల్ సెక్యూరిటీ సంఖ్య, పుట్టిన తేదీ కప్పేసిన ప్రతిని సిద్ధంగా ఉంచుకోండి. పత్రం పోయి ఉంటే ఎస్ఎఫ్-180 దరఖాస్తుతో సెయింట్ లూయిస్‌లోని జాతీయ సిబ్బంది రికార్డుల కేంద్రం నుంచి తెప్పించుకోవచ్చు. సమయం పడుతుంది కాబట్టి ముందే అడగండి.

సేవను ఒక కారణంతో ముడిపెట్టి చెప్పండి. 1954లో సౌత్ కరోలినాలో స్ట్రామ్ థర్మండ్ రైట్-ఇన్‌గా అమెరికా సెనేట్‌కు గెలిచాడు. జాతి విభజనను సమర్థించిన అతడి రాజకీయాలు ఆదర్శం కావు. ప్రచార పద్ధతి మాత్రం గమనించదగినది. అతడు నార్మండీ దాడిలో గ్లైడర్‌లో దిగిన సైనికుడు. కానీ ప్రచారం ఆ యుద్ధం మీద నడవలేదు. సెనేటర్ చనిపోయాక ప్రైమరీ పెట్టకుండా పార్టీ కమిటీయే అభ్యర్థిని ఖరారు చేసిందని, ఎన్నుకునే హక్కు ప్రజలదని నడిచింది. మీరైతే, సైనిక కుటుంబాల వైద్యం, ఆస్తిపన్ను, బడి బస్సులు వంటి వాటిలో మీ నియోజకవర్గానికి నిజంగా నొప్పిగా ఉన్న విషయాన్ని ఒక్కదాన్ని ఎంచుకోండి.

ఎనిమిదో అడుగు: ముందస్తు ఓటు, లెక్కింపు

విదేశాల్లో ఉన్న సైనికులకు బ్యాలెట్లు ఎన్నికకు 45 రోజుల ముందే వెళ్లిపోతాయి. 65 ఏళ్లు నిండినవారు టెక్సస్‌లో తపాలా ద్వారా ఓటు వేయవచ్చు. వీరికి మీ కార్డు సెప్టెంబర్‌లోనే చేరాలి. వ్యక్తిగతంగా వేసే ముందస్తు ఓటింగ్ ఎన్నికకు 17 రోజుల ముందు మొదలవుతుంది. కాబట్టి నవంబర్ మొదటి వారం కోసం దాచిపెట్టిన ప్రచారం చాలావరకు ఆలస్యమే. 2020 నుంచి టెక్సస్‌లో ఒకే గుర్తుతో పార్టీ మొత్తానికి ఓటు వేసే వీలు రద్దయింది. దాని వల్ల ప్రతి ఓటరూ మీ పదవి దాకా బ్యాలెట్ చదవవలసి వస్తోంది. ఇది మీకు లాభమే.

పోలింగ్ కేంద్రంలో ప్రకటిత రైట్-ఇన్ అభ్యర్థుల జాబితా అతికించి ఉండాలి. ముందస్తు ఓటింగ్ మొదటి రోజు ఉదయమే మీ మనుషులు ఓటు వేసే నెపంతో వెళ్లి జాబితా ఉందా, అక్షరాలు సరిగా ఉన్నాయా అని చూసి రావాలి. లోపం కనిపిస్తే అక్కడ వాదన పెట్టుకోకుండా కౌంటీ ఎన్నికల అధికారికి వెంటనే రాతపూర్వకంగా తెలియజేయండి. పరిశీలకులుగా పంపేవారు రాష్ట్ర శిక్షణ ముందే పూర్తి చేసుకొని ధ్రువపత్రం వెంట తీసుకెళ్లాలి.

ఎన్నికల రాత్రి ఫలితాల్లో రైట్-ఇన్ అంకెలు తరచుగా ఆలస్యంగా వస్తాయి. చేత్తో రాసిన పేర్లను మనుషులు చదివి విడదీయవలసి ఉండటమే దానికి కారణం. కౌంటీలు ఓట్లను అధికారికంగా ధ్రువీకరించే వరకు గెలుపు గాని ఓటమి గాని ప్రకటించుకోకండి. తేడా స్వల్పంగా ఉంటే తిరిగి లెక్కించమని అడిగే గడువు చాలా చిన్నది, దానికి డిపాజిట్ కూడా కట్టాలి. న్యాయవాది ఎవరో పోలింగ్‌కు ముందే మాట్లాడి ఉంచుకోవాలి. ఫలితం ఎలా ఉన్నా నియోజకవర్గంలోని బోర్డులు తీయించి, మిగిలిన విరాళాల లెక్క తేల్చి, ఎథిక్స్ కమిషన్‌కు తుది నివేదిక సమర్పించే వరకు మీరు నివేదికలు ఇవ్వవలసిన బాధ్యత కొనసాగుతుంది.